హాల్లో నిలబెట్టిన పైపు

మా ఇంటి హాల్లో టీవీకి, సోఫాకి మధ్య ఒక స్టీలు పైపు నేల నుంచి పైకప్పు దాకా నిలబడి ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళు ముందు దాన్ని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు, ఆ తర్వాత మంచినీళ్ళు తాగి ఎండల గురించి మాట్లాడతారు. ధైర్యం చేసి అడిగినవాళ్ళకు నిజమే చెబుతాను. అది డాన్స్ పోల్. దాన్ని పట్టుకుని ఎక్కుతాను, దిగుతాను. నాకు నలభై రెండేళ్ళు. డాన్సు రాదు.

మేముండేది మస్కట్‌లో, వాడి కబీర్‌లో. నేను రూవీలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. మా ఆయన సోహార్‌లో స్కాఫోల్డింగ్ సూపర్‌వైజర్. పెద్ద పెద్ద ట్యాంకుల చుట్టూ పైపులతో మంచెలు కట్టించి, వాటి మీద మనుషులు ఎక్కవచ్చో లేదో చెప్పే డ్యూటీ. ఆదివారం పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్తే మళ్ళీ గురువారం సాయంత్రమే రావడం. కూతురు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. వారంలో నాలుగు రోజులు ఈ ఇంటికి నేనే రాణిని, నేనే పనిమనిషిని.

రెండేళ్ళ కిందట నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. మూడు నెలల దాకా బరువులెత్తకూడదని డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. మా ఆయన ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. మూడు నెలలు గడిచాయి, ఏడాది గడిచింది, రెండేళ్ళు నిండాయి, కాగితం మాత్రం అక్కడే ఉంది. ఆదివారం బస్సెక్కే ముందు ఆయన బియ్యం బస్తా విప్పి చిన్న చిన్న డబ్బాల్లో పోసి వెళ్ళేవాడు. నీళ్ళ క్యాను స్టాండు మీదికి ఎత్తి వెళ్ళేవాడు. గ్రైండరు నేను కదపకుండా గోడ పక్కనే పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీత కూడా గీశాడు. అంతా ప్రేమతోనే చేశాడు, అందుకే గొడవ పెట్టుకోవడానికి కూడా వీలు చిక్కలేదు. చివరికి ఆ భయం ఆయన దగ్గర్నుంచి నాకు ఎప్పుడు అంటుకుందో నాకే తెలియదు.

ఒకరోజు క్లినిక్‌కి ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. డెలివరీ అతను దాన్ని సరిగ్గా గుమ్మంలో దింపి, సంతకం చేయించుకుని వెళ్ళిపోయాడు. పేషెంట్లు దాన్ని దాటుకుంటూ లోపలికి వస్తున్నారు. నేను వంగబోయి ఆగిపోయాను. లోపలున్న నర్సుని పిలిచి, కాస్త ఇది పక్కకు పెడతావా అని అడిగాను. ఆమె ఫిలిప్పీన్స్ అమ్మాయి, నా భుజం దాకా కూడా రాదు. వచ్చి పెట్టెను ఒంటి చేత్తో తీసి చంకలో పెట్టుకుని పోయింది. పెట్టె నిండా ఉన్నవి చేతి తొడుగులు. నోట్లో చెయ్యి పెట్టేటప్పుడు డాక్టర్లు వేసుకునే పలచటి రబ్బరు తొడుగులు. వాటిని ఎత్తడానికి నాకు మనిషి కావలసి వచ్చింది. ఆ రోజంతా నాకు సిగ్గేసింది. సిగ్గుకు మించి కోపం వచ్చింది, అది ఎవరి మీదో మాత్రం తేలలేదు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు ఆ నర్సునే అడిగాను, అంత బలం ఎక్కడిదని. ఆమె ఫోన్ తీసి వీడియో చూపించింది. ఆడవాళ్ళ జిమ్ములో ఒక పోల్‌ను పట్టుకుని, కాళ్ళు గాల్లో పెట్టి, నవ్వుతూ తిరుగుతోంది. నేను గబుక్కున ఫోన్‌ను బల్ల కిందికి దించాను. ఇలాంటివి సినిమాల్లో ఎవరు చేస్తారో నాకు తెలుసు. ఆమె నా మొహం చూసి నవ్వింది. ఇది బలం కోసం అక్కా, నీ ఒళ్ళే నీ బరువు, వేరే డంబెల్స్ అక్కర్లేదు అని వచ్చీరాని హిందీలో చెప్పింది. రెండు కాళ్ళూ నేల వదలడానికి ఎన్నాళ్ళు పట్టిందని అడిగాను. మూడు నెలలంది. నాకేం కావాలో సరిగ్గా అప్పుడు తెలిసింది. సన్నబడటం కాదు, డాన్సు కాదు. ఒక్కసారైనా నా ఒంటిని నా చేతులతో నేనే నేల మీంచి లేపాలి. నా బరువు నేను మోయగలనా లేదా అన్నది తేలాలి.

ఇక్కడ మా బాపు గురించి చెప్పాలి. ఆయన జగిత్యాల వైపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుముకు ముత్తాదు అనే పట్టీ, చెట్టును చుట్టి నడుముకు వచ్చే మోకు, రెండు పాదాలను దగ్గరగా పట్టి ఉంచే గుజి అనే తాడు. ఈ మూడింటితో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆకాశంలోకి వెళ్ళి వచ్చేవాడు. నాకు పదేళ్ళప్పుడు, ఆయన మోకూ గుజీ చెట్టు మొదట్లో వదిలి అన్నానికి కూర్చున్న సమయం చూసి, గుజి కాళ్ళకు తగిలించుకుని నేను ఎక్కేశాను. రెండు నిలువుల ఎత్తు దాకా పోయాను. ఎలా దిగానో నాకు గుర్తు లేదు. దిగాక తిన్న దెబ్బలు మాత్రం ఒక్కొక్కటీ గుర్తున్నాయి. మోకు కొసతో కొడితే పిక్కల మీద వాతలు తేలాయి. ఆడపిల్లను కాబట్టే కొట్టాడని అప్పుడే తీర్మానించుకున్నాను. ముప్పై ఏళ్ళు ఆ మాట మీదే ఉన్నాను. పెళ్ళి విషయమైనా, చదువు విషయమైనా, బాపుకూ నాకూ ఏ గొడవ వచ్చినా చివరికి నేను ఆ తాటిచెట్టు దగ్గరికే తెచ్చి ఆపేదాన్ని. ఆయన ఒక్కసారీ జవాబు చెప్పేవాడు కాదు.

పోల్ సంగతి మా ఆయనకు ఒక శుక్రవారం టీ ఇచ్చి చెప్పాను. ఒకవేళ నవ్వితే ఏమనాలో కూడా ముందే తయారుగా పెట్టుకున్నాను. ఆయన నవ్వలేదు. ఫ్రిజ్ మీది కాగితం వైపు ఒకసారి చూశాడు. నేను మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళానని, ఏ పనైనా నిక్షేపంగా చేసుకోవచ్చని ఆమె చెప్పిందని అన్నాను. ఆయన టీ తాగి, గ్లాసు కింద పెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఇప్పుడు నీ బరువెంత?"

నేను రుసరుసలాడబోయేలోగా, లోడ్ లెక్క కట్టడానికి అడుగుతున్నానన్నాడు. అప్పటికే మనసులో సైట్‌లోకి వెళ్ళిపోయాడు.

బజార్లో రెడీమేడ్ పోల్‌లు దొరుకుతాయి. కానీ పరాయివాడు బిగించిన దాని మీద పెళ్ళాన్ని ఎక్కించడానికి ఆయన ఒప్పుకోలేదు. పడగ్గదిలో జిప్సం సీలింగ్ ఉంది, అది బరువు ఆపదని కొట్టిపారేశాడు. హాల్లో పైన ఉన్నది అసలైన స్లాబు. దాన్ని నాణెంతో కొట్టి, చెవి పెట్టి విని, ఒక చోటు గుర్తుపెట్టాడు. మా వీధి చివర వర్క్‌షాపులో స్టీలు పైపు కోయించాడు. అక్కడి మేస్త్రీ దేనికని అడిగితే ఇంటి పని అని మాత్రం చెప్పాడట. ఇంతింత మందం పైపుకు ఏ పరదా వేలాడదీస్తారో అనుకుని ఉంటాడు పాపం. మంచెల కింద పెట్టి ఎత్తు సరిచేసే మరజాకీ ఒకటి తెచ్చి పైపు అడుగున దూర్చాడు. కింద వెడల్పాటి ప్లేటు, పైన మరో ప్లేటు, రెండు చోట్లా రబ్బరు. జాకీ నట్టు తిప్పుతూ పోతే పైపు పైకి లేచి స్లాబుకూ నేలకూ మధ్య బిగుసుకుంది. గోడకు ఒక్క బోల్టు లేదు, ఇంటి ఓనరుకు చెప్పుకోవలసిన చిల్లు లేదు. నాలుగు వైపుల నుంచి మట్టం చూశాడు. తాను పట్టుకుని వేలాడాడు. అంతా అయ్యాక సంచిలోంచి పచ్చ ట్యాగు తీసి, తారీఖు వేసి సంతకం పెట్టి పైపుకు తగిలించాడు. సైట్‌లో మంచె మీద పచ్చ ట్యాగుంటే ఎక్కవచ్చని, ఎర్ర ట్యాగుంటే దగ్గరికి పోకూడదని అర్థం.

ఇంత జాగ్రత్తగా చేసిన మనుషులం, ఆ తర్వాత చేసిన పని మాత్రం మేమే చేయగలం. కొత్త వస్తువు ఇంటికొస్తే పసుపు కుంకుమ పెట్టకుండా వాడటం మా రెండు కుటుంబాల్లోనూ లేదు. మా ఆయన సైట్‌లో కొత్త క్రేను వచ్చినా కుర్రాళ్ళు చాటుగా బొట్టు పెడతారు. పసుపు స్టీలుకు అంటుకోకుండా జారిపోతోందని నేను కొబ్బరి నూనెలో కలిపాను. నిలువునా నా చెయ్యి అందినంత మేర శుభ్రంగా, భక్తిగా రుద్దాను. చుట్టూ కుంకుమ బొట్లు పెట్టాను. కొబ్బరికాయ కొట్టాం. హారతిచ్చాం. తర్వాత పసుపు బట్టలకు అంటుకుంటుందని పొడిగుడ్డతో తుడిచేసి, దేవుణ్ణి తలుచుకుని రెండు చేతులతో పైపు పట్టుకుని ఒక్క ఎగురు ఎగిరాను.

ఎంత ఎత్తుకు ఎగిరానో, అంత వేగంగా కిందికి వచ్చి నేల మీద చతికిలబడ్డాను. పైపు చుట్టూ నా కాళ్ళు, కాళ్ళ మధ్య కొబ్బరి చిప్ప. మా ఆయన పరుగెత్తుకొచ్చి ముందు నన్ను తడిమి చూశాడు, తర్వాత పైపును తడిమి చూశాడు. లోడ్, మట్టం, జాకీ అన్నీ చూసినవాడు పట్టు సంగతి చూసుకోలేదని తలకొట్టుకున్నాడు. నేను నవ్వుతున్నాను, నడుం నొప్పికి ఏడుస్తున్నాను, రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. ఆయన నవ్వలేదు. పచ్చ ట్యాగు తీసేసి, ఎర్ర ట్యాగు తగిలించి, తాను చెప్పేదాకా రెండు కాళ్ళూ నేల వదలకూడదని ఆర్డరు వేశాడు.

తర్వాత నెల రోజులు సబ్బుతో, నిమ్మకాయతో, వెనిగర్‌తో కడిగాను. నా కూతురికి పసితనంలో కూడా అన్నిసార్లు స్నానం చేయించి ఉండను. అయినా చెయ్యి వేడెక్కగానే ఎక్కడో దాక్కున్న నూనె బయటికి వచ్చేది. ఒక కాలు నేల మీద ఉంచి, చేతులతో లాగి లాగి అభ్యాసం చేశాను. నిజం చెప్పాలంటే దొంగచాటుగా రెండో కాలు లేపడానికి కూడా చూశాను. లేవలేదు. తప్పు నూనెదో నా చేతులదో తెలిసేది కాదు. తొడుగుల పెట్టె గుర్తొచ్చేది. ఇక మీదట నేను ఇంతేనేమో అని ఒక్కో రోజు గట్టిగా దిగులు పుట్టేది.

అంతలో బాపు విజిట్ వీసా మీద నెల రోజులకు వస్తున్నట్టు తేలింది. అమ్మకు విమానమంటే భయం, ఆయన ఒక్కడే. కూతురు ఇంట్లో డాన్స్ చేసే స్తంభం పాతుకుందని ఆయనకు తెలిస్తే ఇంకేమైనా ఉందా? పైపు తీసేద్దామంటే మా ఆయన సోహార్‌లో ఉన్నాడు, జాకీ నట్టు నేను తిప్పితే ఒక్క పిసరు కూడా కదల్లేదు. బాపు సంచి కింద పెట్టి, హాలంతా చూసి, పైపు దగ్గర ఆగాడు.

"గిదేంది బిడ్డా?"

"పైకప్పుకు ఆసరా బాపు" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

ఆయన ఎర్ర ట్యాగు వైపు చూశాడు. ఇంగ్లీషు చదవలేడు కానీ ఎరుపు ఏ భాషలోనైనా ఎరుపే. తల పైకెత్తకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు. ఆరేళ్ళ కిందట ఆయన చెట్టు మీంచి పడ్డాడు. తుంటి విరిగింది, అతికింది, కొంచెం కుంటు మిగిలింది. అప్పటి నుంచి చెట్టెక్కలేదు సరే, చెట్ల వైపు తలెత్తి చూడటం కూడా మానేశాడని అమ్మ చెప్పేది.

ఆ అబద్ధం నన్ను రెండు వారాలు ఆడించింది. బాపు మంచం మీద పడుకోడు, కాబట్టి హాల్లో పరుపు వేశాను. ఆయన దాన్ని పైపుకు దూరంగా గోడ మూలకు లాక్కున్నాడు. అన్నం తినేటప్పుడు నన్ను కూడా అటు కూర్చోవద్దనేవాడు. గురువారం మా ఆయన రాగానే, ఇంత జీతం తీసుకుంటూ కూలిపోయే ఇంట్లో ఎందుకుంటున్నారని నిలదీశాడు. మా ఆయనకు అబద్ధం రాదు. స్లాబు మంచిదే మామా, ముందుజాగ్రత్త కోసం అని గొణిగి బాత్రూంలోకి పోయి అరగంట దాకా బయటికి రాలేదు. బాపు నాకు చెప్పకుండా కింద వాచ్‌మన్ దగ్గరికి కూడా వెళ్ళాడు. సైగలతో ఇల్లు కూలడాన్ని అభినయించి చూపించాడట. ఆ వాచ్‌మన్ నాకు ఫోన్ చేసి, మీ అబ్బాజాన్‌కు ఒంట్లో బాగుందా అని అడిగాడు.

మరుసటి శుక్రవారం బాపును సీబ్ వైపు ఖర్జూరపు తోటలు చూపించడానికి తీసుకెళ్ళాం. మార్చి నెల, ఖర్జూరాల పూతకు మగపూత దులిపే రోజులు. ఒక ముసలి ఒమానీ రైతు నడుం చుట్టూ తాళ్ళ పట్టీ వేసుకుని చెట్టెక్కుతున్నాడు. బాపు మొదట నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. తాడు చెట్టుకు రాసుకునే చప్పుడు వినపడగానే తల ఎత్తాడు. ఆ మనిషి దిగేదాకా దించలేదు. దిగాక ఇద్దరూ ఆ తాడును పట్టుకుని చూసుకున్నారు. ఆయన అరబ్బీలో ఏదో చెప్పాడు, ఈయన తెలుగులో ఏదో చెప్పాడు. ఒకరి అరచెయ్యి ఒకరు తిప్పి చూసుకుని నవ్వుకున్నారు. వీళ్ళు చెట్టెక్కి కల్లు తియ్యకుండా దిగుతారంటే మాత్రం బాపు నమ్మలేదు.

ఇంటికొచ్చాక నేను టీ ఇవ్వబోతే, బాపు గ్లాసు తీసుకోకుండా నా మణికట్టు పట్టుకుని అరచెయ్యి తిప్పాడు. వేళ్ళ మొదట్లో వరసగా కాయలు కాసి ఉన్నాయి. వాటి మీద బొటనవేలు పెట్టి నొక్కాడు.

"ఇవి బోళ్ళు తోమితె వచ్చిన కాయలు కావు. గా పైపు ఎక్కుతున్నవా?"

అబద్ధం చెప్పే ఓపిక నాకు అయిపోయింది. ఎక్కడం లేదు బాపు, ఎక్కలేకపోతున్నా అన్నాను. ఆ తర్వాత అంతా చెప్పేశాను. ఆపరేషన్, ఫ్రిజ్ మీది కాగితం, తొడుగుల పెట్టె, కొబ్బరి నూనె, అన్నీ. ఆడదానికి ఇదెందుకు అంటావని చెప్పలేదు అని కూడా అన్నాను. పదేళ్ళప్పుడు కొట్టావు గుర్తుందా అని, మళ్ళీ తెచ్చి ఆ తాటిచెట్టు దగ్గరే ఆపాను. నా గొంతు కొంచెం పైకి లేచింది. వంటింట్లో ఉన్న మా ఆయన వంటింట్లోనే ఉండిపోయాడు.

ఈసారి బాపు జవాబు చెప్పాడు.

"ఆడపిల్లవని కొట్టలె. నీకు దిగుడు రాదు. దిగుడు రాకుంట ఎక్కినవ్, అందుకు కొట్టిన. నేను పడ్డది గుడ దిగేటప్పుడే."

చెప్పి టీ తాగాడు. ముప్పై ఏళ్ళ నా ఫిర్యాదు పట్టుమని పది మాటల్లో వేరే దారి పట్టింది. దాన్ని వెంటనే నమ్మేయడం కూడా నాకు ఇష్టం లేకపోయింది.

మరునాడు పొద్దున్నుంచే ఆయన పైపు పని పట్టాడు. ముందు దాని ఒంటి మీది నూనె పోవాలన్నాడు. బూడిద కావాలన్నాడు. కరెంటు పొయ్యి మీద వండే ఇంట్లో బూడిద ఎక్కడిది? ఎదురు ఫ్లాట్‌లో ఉండే ఒమానీ పెద్దావిడ రోజూ సాంబ్రాణి వేస్తుంది, మెట్ల దాకా ఆ వాసనే. తలుపు కొట్టి ధూపం కుండలో బూడిద కావాలని అడిగాను. ఆవిడ ఏ పూజకనుకుందో, డబ్బా నిండా ఇచ్చింది. బాపు ఆ బూడిదను తడిగుడ్డతో పైపుకు పట్టించి, ఆరనిచ్చి, పొడిగుడ్డతో తోమాడు. మూడుసార్లు అలా చేశాక వేలితో రాస్తే కీచుమని చప్పుడొచ్చింది. నెల రోజుల వెనిగర్‌తో కానిది సాంబ్రాణి బూడిదతో గంటలో అయింది. తర్వాత నా పాత నూలు చున్నీని చింపి, తడిపి, మెలిపెట్టి గుజి కట్టాడు.

అప్పుడైనా ఎక్కనిచ్చాడా అంటే లేదు. పైపు పక్కన కుర్చీ వేసి దాని మీద నిలబడమన్నాడు. అక్కడి నుంచి పైపు పట్టుకుని, గుజి వేసిన పాదాలతో పైపును ఒత్తిపట్టి కిందికి దిగాలి. చేతులు ఒక జానెడు, పాదాలు ఒక జానెడు. జారితే మళ్ళీ కుర్చీ. ఎక్కడం కాదు, దిగడమే కదా అని ఎర్ర ట్యాగు ఉండగానే మా ఆయన దీనికి ఒప్పుకున్నాడు. నాలుగు రోజులు కుర్చీ మీంచి, తర్వాత డైనింగ్ టేబుల్ మీంచి, ఆ తర్వాత మా ఆయన నిచ్చెన మీంచి. ఎక్కడానికని పైపు పెట్టుకున్నదాన్ని, ఒక్కసారీ ఎక్కకుండానే ఇంట్లో ఉన్న సామాన్లన్నింటి మీంచీ దిగాను. చేతులతో బరువు లాగొద్దనేవాడు.

"చేతులు పట్టుకునేటందుకే. మోసేది కాళ్ళు."

ఆ మాట పట్టుబడటానికి నాకు వారం పట్టింది. పాదాల మధ్య పైపు బిగిసినప్పుడు ఒళ్ళు తేలికవుతుంది. ఆ తేలిక మొదటిసారి తెలిసినప్పుడు నేను నిచ్చెన పక్కన, నేలకు మూరెడు ఎత్తున ఆగి ఉన్నాను. రెండు కాళ్ళూ గాల్లో ఉన్నాయి. కింద పడలేదు. కిందికి రావడం కూడా మరిచిపోయి అలాగే ఉండిపోయాను. ఫిలిప్పీన్స్ నర్సుకు ఈ సంగతి చెబితే, మీ జిమ్ టీచరు ఎవరని అడిగింది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఫీజు కింద రోజుకు నాలుగు టీలు అని చెప్పాను.

బాపు ప్రయాణం శనివారం. శుక్రవారం పొద్దున మా ఆయన పైపును మళ్ళీ మొదటి నుంచి పరీక్షించాడు. జాకీ బిగింపు చూశాడు, మట్టం చూశాడు, ఈసారి వేలితో రుద్ది కీచుమనే చప్పుడు కూడా విన్నాడు. ఎర్ర ట్యాగు తీసి పచ్చది తగిలించాడు. తగిలించాక, గోడకానుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు కానీ ఆయన మొహంలో మాత్రం ఎర్ర ట్యాగే ఉంది. బాపు మూల నుంచి తన పరుపు లాక్కొచ్చి పైపు మొదట్లో పరిచాడు. వచ్చిన కొత్తలో ఇల్లు కూలుతుందని దూరంగా లాక్కుపోయిన పరుపే అది.

సల్వారు మోకాళ్ళ దాకా మడిచాను. అరిచేతులకు బూడిద రాసుకున్నాను. గుజి వేసుకుని, చేతులు పైన వేసి, పాదాలు ముడిచి ఒత్తాను, లేచాను. మళ్ళీ చేతులు, మళ్ళీ పాదాలు. కుర్చీ ఎత్తు దాటింది. టేబుల్ ఎత్తు దాటింది. తొడలు వణికాయి, ఆగాను, ఊపిరి తీసుకున్నాను. టీవీ పైభాగం మీద దుమ్ము కనిపించింది, దాన్ని తుడవాలనుకున్నాను. ఇంకో రెండు జానెలు. ఒక చెయ్యి వదిలి పైకి చాపితే స్లాబు తగిలింది. చల్లగా, గరుకుగా ఉంది. అరచెయ్యి మొత్తం దానికి ఆనించాను. నా బరువంతా, రెండేళ్ళుగా అందరూ మోసిన బరువంతా, నా పాదాల మధ్య ఉంది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో వచ్చిన ఏడుపే.

"ఇగ మెల్లగ దిగు. నేనున్న."

ఆ మాటకు కిందికి చూశాను. బాపు పరుపు మీద నిలబడి ఉన్నాడు. తల పూర్తిగా వెనక్కి వాల్చి, ఆ రోజు ఖర్జూరపు తోటలో లాగే పైకి చూస్తున్నాడు. నెరిసి పలచబడిన జుట్టు, నుదుటి మీద చెమట, నా వైపు చాపిన రెండు చేతులు, వేళ్ళు విడిచి తెరిచిన అరచేతులు. ఆ చూపూ ఆ చేతులూ నేను ఇంతకు ముందు ఇదే విధంగా పైనుంచి చూశాను. అప్పుడు జుట్టు నల్లగా ఉంది. అన్నం తింటూ లేచి వచ్చాడు కాబట్టి కుడి చేతికి మెతుకులున్నాయి. నేను చెట్టును కరుచుకుని ఏడుస్తుంటే, చాలాసేపు అలాగే చేతులు చాపి నిలబడి, ఏ కాలు ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కటే చెబుతూ, నేనున్న, నేనున్న అంటూ నన్ను నేల దాకా దింపుకున్నాడు. కొట్టింది ఆ తర్వాత. ముప్పై ఏళ్ళుగా నేను ఆ ముందు సగాన్ని మరిచిపోయి, వెనక సగాన్నే పట్టుకుని ఆయనతో పోట్లాడుతూ వచ్చాను.

చేతులు ఒక జానెడు, పాదాలు ఒక జానెడు. ఆయన నేర్పినట్టే, ఒక్కసారి కూడా జారకుండా దిగాను. నా పాదాలు పరుపును తాకాయి, గుజి విప్పుకున్నాను, ఆయనకెదురుగా నిలబడ్డాను. స్లాబు మీద నా బూడిద చెయ్యి అచ్చు పడింది, అది ఇప్పటికీ ఉంది. మా ఆయన గోడ దగ్గరి నుంచి ఒక అడుగు ముందుకేసి ఆగాడు. నేను దిగిపోయాను బాపు అన్నాను. అయినా ఆయన చాలాసేపు చేతులు దించలేదు.